నూనె యోడ

మా యరుగుమీఁదఁ గూర్చుండి, కాఫీ త్రాగుచు, నవ్వుమొగముతో మేమొక యబద్ధము చెప్పితిమి. అది యెవరి సొమ్మును హరించినది కాదు. ఎవరి పరువును దీసినది కాదు. అట్టివానిని మనము పాపముల లెక్కలోఁ జేర్చుకొనుట లేదు. అయినను దాని మూలమున మేము పెంచిన పిల్ల మాతో నాఱు దినములు మాటాడలేదు. ఈ పత్రిక చదువువారిలోఁ బలువురు మావలెనే యాఁడుపిల్లలను జదివించి, వారి యుద్యోగములను నలుగురితోఁ జెప్పుకొని మురియువారే కావున నీ సంగతి దాఁపక వ్రాయుచున్నాము.

మా చెల్లెలి కూఁతురు భారత నౌకాదళమున నధికారిణి. చిన్నతనముననే తండ్రి పోఁగా మా యింటనే పెరిగినది. చదువు ముగించి, పరీక్షలు గడచి, కేరళలోని ఎళిమల నౌకా విద్యాలయమున శిక్షణము పొంది, విశాఖపట్టణము రేవునకుఁ జెందిన యొక ట్యాంకరులోఁ జేరినది. తిండిసరకులు, విడిభాగములు, జీతములు, ఇంధనపు లెక్కలు, ఇవి యామె చూచు పనులు. ట్యాంకరనఁగా నూనె మోయు నోడ. యుద్ధనౌకలు రేవు విడిచి దూరము పోయినపుడు వాని వెంటఁ బోయి, నడిసముద్రమున వానికి నూనెయు మంచినీరును దినుసులును అందించుట దాని పని.

మా యమ్మగారు మొదటి దినమునుండియు దానిని "నూనె పడవ" యనియే పిలుచుచున్నారు. ఆమె చిన్ననాఁడు గోదావరి కాలువమీఁదఁ గిరసనాయిలు డబ్బాలు వేసికొని పోవు పడవలను జూచినది. మనుమరాలును అట్టి దానిలోనే డబ్బాల నడుమఁ గూర్చుండి లెక్క వ్రాయుచున్నట్లు ఆమె భావన. "ఇంత చదువూ చదివి నూనె పడవా! దానికి ఫిరంగులైనా ఉన్నాయా?" అని యడుగుచుండెడిది. మేము పైకి, "అమ్మా, అన్ని పనులును సమానమే" యని చెప్పుచుంటిమి. శ్రమగౌరవమును గుఱించి సభలలో మేము చేసిన యుపన్యాసములు పదికిఁ దక్కువ లేవు. లోపల మాత్రము ఆ ఫిరంగుల ప్రశ్న మమ్మును గూడఁ బొడుచుచునే యుండెను.

ఇట్లుండఁగా నొకనాఁడు మా పాత మిత్రులు, పదవి విరమించిన యుపాధ్యాయులు, అమ్మాయికొక సంబంధము తలపెట్టి మా యింటికి వచ్చిరి. మాటలమీఁద "అమ్మాయి ఏ ఓడలో చేస్తోంది?" అని యడిగిరి. "విమానవాహకములో" అంటిమి. ఆ మాట మా నోట నెట్లు వచ్చెనో చెప్పఁజాలము. 2022వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన గొచ్చిలో విక్రాంత్‌ను నౌకాదళమునఁ జేర్చినపుడు పత్రికలనిండ దాని బొమ్మలే. 262 మీటర్ల పొడవు. దాదాపు 1,600 మంది సిబ్బంది. మీఁద విమానము లెగురుటకును దిగుటకును మైదానమంత తలము. ఆ బొమ్మ మా తలలో నెక్కడనో నిలిచియుండెను గాఁబోలు, అడిగినంతనే బయటఁబడినది. మాస్టరుగారు "ఓహో" యని కుర్చీలో ముందునకు జరిగిరి. ఆ "ఓహో" కొఱకే మేము చెప్పితిమని యిప్పుడు తెలియుచున్నది.

నెల తిరుగకముందే యమ్మాయి సెలవుమీఁద వచ్చినది. మాస్టరుగారు వరునివారిని వెంటఁబెట్టుకొని వచ్చిరి. "ఏమమ్మా, విమానాలు దిగేటప్పుడు ఓడ అదురుతుందా?" అని యాయన చనవుగా నడిగిరి. ఆమె యొక్కమాఱు మావైపు చూచినది. "నాది ట్యాంకరండీ, మాస్టారూ. మా ఓడమీద విమానాలు దిగవు. ఒక్క హెలికాప్టరు దిగుతుంది, అంతే" నని చెప్పినది. వరుని పినతండ్రి నవ్వి, "అయితే సముద్రంలో పెట్రోలు బంకన్నమాట!" అనిరి. ఆ సంబంధము తప్పిపోయినది. అందులకు మాలో నెవ్వరికిని జింత లేదు. వారు వెళ్లిన పిమ్మట మేమేదో సర్దిచెప్పఁబోఁగా నామె యనిన మాట యిది: "వాళ్లు నవ్వితే నాకేమీ లేదు, మామయ్యా. వాళ్లకంటే ముందు మీరే సిగ్గుపడ్డారు."

పిమ్మట నాఱు దినముల మౌనము. ఏడవనాఁడు రైలెక్కునప్పుడు మాత్రము, "ఓడలంటే ఏమిటో కాస్త తెలుసుకోండి. తెలుసుకున్నాక కావాలంటే మళ్లీ అబద్ధమాడండి" అని చెప్పి పోయినది. ఆ మాటను మేము దండనగా స్వీకరించి, నాలుగు నెలలు నౌకల చరిత్రములే చదివితిమి.

చదువఁగాఁ జదువఁగా మొదట మాకుఁ గనఁబడిన వింత యిది. ఓడలలోఁ బెద్దకులము, చిన్నకులము అని మనమేర్పఱచుకొన్న వరుస యేదియు నూఱేండ్లు నిలువలేదు. 1906లో ఇంగ్లండు డ్రెడ్‌నాట్ అను నౌకను నిర్మించినది. పండ్రెండంగుళముల వాయి గల ఫిరంగులు పది, ఆవిరి టర్బయినులు. అది నీటిలోఁ దిగిన దినముననే లోకమందలి తక్కిన మహానౌకలన్నియు పాతవైపోయినవి. అప్పటినుండి యే రాజ్యమున కట్టివి యెన్ని యున్నవో, దాని గొప్ప యంత. ఆ వరుసలోఁ గడపటి శిఖరము జపానువారి యమాటో. దాని ఫిరంగి వాయి వెడల్పు 46 సెంటీమీటర్లు. 1945 ఏప్రిల్ 7వ తేదీన నది సముద్రములో మునిఁగినది. దానిని ముంచినది మఱియొక మహానౌక కాదు. విమానవాహకములనుండి వచ్చిన విమానములు. అంత లావు ఫిరంగులు ఆకాశమును జూచి యేమి చేయఁగలవు? 1992లో అమెరికావారి మిస్సోరీ విరమించిన పిమ్మట నట్టి నౌక యే దేశమునను యుద్ధసేవలో లేదు. రాజులుగా నుండినవి నేఁడు టిక్కెట్టు కొని చూచు వస్తుశాలలు.

డిస్ట్రాయరు కథ దీనికిఁ దలక్రిందులు. 1866 ప్రాంతమున నాఁటి ఆస్ట్రియా రాజ్యములోని ఫ్యూమే రేవున రాబర్టు వైట్‌హెడ్ అను ఇంగ్లీషు ఇంజనీరు, నీటిలోఁ దనంతటఁ దాను బోయి యోడను బ్రద్దలుకొట్టు టార్పెడోను గల్పించెను. చిన్న పడవయొకటి యట్టి యాయుధమును మోసికొని చీఁకటిలో వచ్చినచోఁ గోట్ల రూపాయల మహానౌకకు మరణమే. ఆ పడవలను దఱిమి కొట్టుటకు 1893లో హావక్ మొదలయిన వేగపు టోడలు పుట్టినవి. వాని పూర్తిపేరు "టార్పెడో బోటు డిస్ట్రాయరు". అనఁగా నది యజమాని యింటిముందు కఱ్ఱపట్టుకొని నిలిచిన కాపలావాఁడు. యజమానులు గతించిరి; కాపలావాఁడే నేఁడు పెద్దయధికారి. జలాంతర్గామిని వెదకుట, విమానమును గూల్చుట, దూరమందలి యోడపై క్షిపణి విడుచుట, అన్నియు నదియే చేయుచున్నది. 2021 నవంబరు 21వ తేదీన ముంబయిలో మన నౌకాదళమునఁ జేరిన డిస్ట్రాయరు పేరు విశాఖపట్టణమే. ఆంధ్రుల యూరి పేరు పెట్టుకొన్న యోడ గావున దానిమీఁద మాకుఁ గొంచెము పక్షపాతము కలదు, చదువరులు క్షమింతురుగాక.

ఫ్రిగేటనునది డిస్ట్రాయరుకంటెఁ గొంత చిన్నదిగా నుండి యితర నౌకలకుఁ దోడుపోవునది. నేఁడు పెద్ద ఫ్రిగేటునకును జిన్న డిస్ట్రాయరునకును భేద మేమని యడిగినచో నొక్కొక్క దేశ మొక్కొక్క మాట చెప్పుచున్నది. కార్వెట్టు దానికంటెను జిన్నది. దీని గుఱించి మాత్రము రెండు మాటలు హెచ్చుగా వ్రాయవలెను. రెండవ ప్రపంచయుద్ధమున జర్మను జలాంతర్గాములు ఇంగ్లండునకుఁ దిండి తెచ్చు వర్తకపు టోడలను ముంచుచుండఁగా, వానికిఁ గాపుపోవుటకు డిస్ట్రాయరులు చాలకపోయెను. అప్పుడు తిమింగిలములను వేఁటాడు పడవ నమూనాను దీసికొని, చిన్న చిన్న కార్వెట్టులను రెండువందలకుఁ బైఁగాఁ గట్టిరి. ఇంగ్లీషువారు వానికిఁ బూలపేర్లు పెట్టిరి. బంతిపువ్వు, గ్లాడియోలస్, బ్లూబెల్! ఆ పేర్లు విని శత్రువులు నవ్వియుందురు. వాని వేగము గంటకు 16 నాటికల్ మైళ్లు. నీటిపైకి వచ్చి పరుగెత్తు జలాంతర్గామి వేగము అంతకంటె నెక్కువ. అనఁగా దొంగకంటె మెల్లగాఁ బరుగెత్తు కాపలావాఁడు. అట్లాంటిక్ చలిలో నవి నిలువునఁ దడిసి, దొర్లుచు, నావికుల కడుపులోని యన్నము నిలువనీయక, ఓడల గుంపుల వెంటఁ బోవుచునే యుండెను. ఇంగ్లండు ప్రజలు తినిన రొట్టెలో ఆ పూలపడవల భాగమెంతో లెక్కకట్టిన వారు లేరు.

చదివినది చాలక, కంటఁ జూడవలెనని మేము మా యమ్మగారితోను మా యింటావిడతోను విశాఖపట్టణము పోయితిమి. అమ్మాయి యోడ యప్పటికి సముద్రముమీఁద నున్నది. రామకృష్ణా బీచి యొడ్డున ఇసుకపై నిలిపిన కుర్సురా జలాంతర్గామిని జూచితిమి. సోవియట్ దేశమునఁ గట్టఁబడి 1969లో మన నౌకాదళమునఁ జేరి, 2001లో విరమించి, 2002లో వస్తుశాల యైనది. పొడవు 91 మీటర్లు. మా యమ్మగారు దాని గుండ్రని ద్వారములలో దూఱలేక బయటనే సముద్రము చూచుచుఁ గూర్చున్నది. మేము వంగి, తల తాఁకించుకొని, మోకాలు గీచికొని, ఈ చివరనుండి యా చివరకుఁ బోయితిమి. దాదాపు 75 మంది యా గొట్టములో వారముల తరబడి యుండెడివారఁట. టార్పెడోలున్న గదిలోనే పడకలు. మా యింటావిడ యన్నిటికంటె నెక్కువ సేపు నిలిచినది వంటగది ముందు. అది మన యిండ్లలోని పూజగది యంత యుండును. "ఇంతలో డెబ్బై అయిదుమందికి వండాడా! ఆ మహానుభావుడి పేరెక్కడైనా రాశారా?" అని యడిగినది. గోడలవంకఁ జూచితిమి. మాకుఁ గనఁబడలేదు. "అదేలెండి. మనింటికి వచ్చినవాళ్లకు మీరు మీ పుస్తకాలు చూపిస్తారు, వంటిల్లు చూపిస్తారా?" అని యామె ముందునకు నడచినది. ఈ యాత్రలో మాకుఁ దగిలిన దెబ్బలలో మోకాలిదే చిన్నది.

బయటికి వచ్చి యొడ్డున నిలిచినపుడు 1971వ సంవత్సరపు సంగతి జ్ఞప్తికి వచ్చినది. ఆ డిసెంబరు 3వ తేదీకిని 4వ తేదీకిని నడిమి రాత్రి, ఈ తీరమునకుఁ జేరువనే పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ తనలోని యందఱితోఁ గూడ మునిఁగిపోయినది. అది వచ్చినది నాఁటి మన విమానవాహకమగు మొదటి విక్రాంత్‌ను వెదకికొని. విక్రాంత్ విశాఖలో లేదు. దూరమున నండమాను దీవులలో దాఁగియున్నది. మఱి ఘాజీ యిచ్చటి కేల వచ్చెను? రాజపుత్ అను పాత డిస్ట్రాయరొకటి, ఇంగ్లీషువారు 1942లోఁ గట్టినది, ఇక విరమింపనున్నది, సముద్రముమీఁదికిఁ బోయి విక్రాంత్ పేర వైర్‌లెస్ వార్తలు పంపుచు, తానే విమానవాహకమైనట్లు నటించినది. పట్టణమున బజారులో సరకులకుఁ బెద్దయెత్తున బేరములాడి, మహానౌక రేవునకు వచ్చినదని లోకులు నమ్మునట్లు చేసిరని, నాఁటి తూర్పు నౌకాదళపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్‌గారు చెప్పియున్నారు. ఘాజీ యెట్లు మునిఁగెనన్న విషయమున నేఁటికిని రెండు వాదములున్నవి. రాజపుత్ విడిచిన మందుపాత్రలవలన నని మనవారందురు; తన మైను తనకే తగిలియుండునని పాకిస్తానువారందురు. ఏదియైనను దానిలోని తొంబదిమందికిఁ బైఁబడిన నావికులును ఒకతల్లి బిడ్డలే. ఆ నీటివైపు చూచి మేము సంతోషింపలేకపోయితిమి. ఒక్క సంగతి మాత్రము మా మనస్సున నాటినది. విమానవాహకము కానిదానిని విమానవాహకమని చెప్పుట మాకంటె ముందే యీ యూర జరిగినది. వారు దేశమును గాపాడుటకుఁ జెప్పిరి; మేము "ఓహో" యనిపించుకొనుటకుఁ జెప్పితిమి.

మైనుల మాట వచ్చినది గనుక నింకొక చిన్న యోడను జెప్పి ముందునకుఁ బోయెదము. 1915లో ఇంగ్లీషువారును ఫ్రెంచివారును టర్కీలోని డార్డెనెల్స్ జలసంధిని మహానౌకలతో ఛేదింపఁబూనిరి. మార్చి 7, 8 తేదీల నడిమి రాత్రి నుస్రత్ అను చిన్న టర్కీ యోడ చప్పుడు లేక వచ్చి 26 మైనులు నీటిలో దింపి వెడలిపోయినది. వానిని ముందుగాఁ దుడిచివేయవలసినవారెవరు? ఇంగ్లండునుండి తెచ్చిన చేఁపలవేఁట పడవలు. వానిలోఁ జాలమంది సముద్రపు జాలరులు. ఎదురు ప్రవాహమునకు వాని యంత్రములు చాలవు. మీఁద దీపపు వెలుఁగులు, ఫిరంగి గుండ్లు. వారు వెనుదిరిగిరి. దొరలు కోపపడిరి. కాని యీ పనికిఁ దగిన యోడలను ముందుగా నేల కట్టలేదని తమ్ముఁ దామడిగికొన్నవారు తక్కువ. మార్చి 18న మహానౌకలు లోనికిఁ బోయినవి. బూవే అను ఫ్రెంచి నౌక మైను తగిలి రెండు మూఁడు నిమిషములలో నాఱువందలకుఁ బైఁబడిన జనముతో మునిఁగినది. ఇంగ్లీషు నౌకలు రెండు, ఇర్రెసిస్టిబుల్, ఓషన్ అనునవి, ఆ దినముననే పోయినవి. ఊడ్చువాఁడు రాని వీథిలో నేనుఁగులు నడువలేకపోయినవి. మైనులు తుడుచు నోడను ఇంగ్లీషులో "స్వీపరు" అనియే యందురు. మన పురపాలక సంఘములలో నా పేరు గలవారిని మన మే బంతిలోఁ గూర్చుండఁబెట్టుచున్నామో చదువరు లెఱుఁగుదురు.

ఇఁక నూనె యోడ. దీనిని గుఱించి చదువుటకు మేము కొంచెము భయపడుచునే పుస్తకము తెఱచితిమి.

1904లో రష్యా చక్రవర్తి తన బాల్టిక్ నౌకాదళమును జపానుమీఁదికిఁ బంపెను. దారి 18,000 నాటికల్ మైళ్లు. దారిలోఁ దన రేవొక్కటియు లేదు. నాఁటి యోడలు బొగ్గుతో నడచునవి. ఇంగ్లండు తన రేవులలో బొగ్గు పోసికొననీయదు. జర్మను వర్తకపు టోడలు బొగ్గు మోసికొని వెంటఁ బోయి, సముద్రముమీఁదనే బస్తాలతో నందింపవలసివచ్చెను. మఱల నెక్కడ దొరకునో యను భయమున ఓడతలములమీఁదను, మనుష్యు లుండు గదులలోను గూడ బొగ్గు నింపిరి. నావికులు నెలల తరబడి బొగ్గు తినుచు, బొగ్గు పీల్చుచు, బొగ్గుమీఁద నిద్రించిరి. 1905 మే 27వ తేదీన సుషిమా యొద్ద జపానువారిని గలసికొనునప్పటికి యుద్ధమునకుఁ బూర్వమే వారు సగము ఓడిపోయియుండిరి. రెండు దినములలో నా దళము నాశనమైనది.

బిస్మార్క్ కథ యిందఱెఱిఁగినదే. కాని దానిలో నూనె పాలెంతయో మేమిదివఱకెఱుఁగము. 1941 మేలో నార్వే తీరమున నాఁగినపుడు తొట్టెలు నింపుకొనకయే అట్లాంటిక్‌లోనికిఁ బోయినది. 24వ తేదీ యుద్ధమున ముందుభాగమునఁ దగిలిన గుండొకటి నూనెను గొంత నీటిపాలు చేసి, వేయి టన్నుల నందకుండఁ జేసినది. ఇఁక వేగముగాఁ దప్పించుకొని తిరుగుటకు వీలు లేక ఫ్రాన్సు వైపు మెల్లగాఁ దిరిగినది. 27వ తేదీన మునిఁగినది. వెంటాడిన ఇంగ్లీషు ప్రధాననౌక కింగ్ జార్జి దగ్గఱను నూనె యడుగంటి యుండుటచే గెలిచిన వెంటనే యింటిదారి పట్టవలసివచ్చెను. ఆ నాలుగు దినములలో నిరుప్రక్కలను నూనె యోడ యొక్కటి తోడుండినచోఁ గథ యెట్లు నడచెడిదో!

వీనియన్నిటికంటె మమ్మును నిలువఁబెట్టిన కథ యొకటి యున్నది. నియోషో అనునది అమెరికావారి నూనె యోడ. 1942 మే 7వ తేదీన గోరల్ సముద్రమున, సిమ్స్ అను డిస్ట్రాయరు తోడుగా, యుద్ధమునకు దూరముగా నిలిచియున్నది. జపాను విమానచోదకులు పైనుండి చూచి, "ఒక విమానవాహకము, ఒక క్రూయిజరు" అని వార్త పంపిరి. చదునైన వెడల్పు తలము చూచి మోసపోయిరి గాఁబోలు. వెంటనే రెండు జపాను విమానవాహకములనుండి 78 విమానములు వచ్చిపడినవి. తప్పు తెలిసికొని యసలు వాహకములకై వెదకిరి, దొరకలేదు. అప్పుడు వచ్చినందులకైన నీ రెంటిని ముంచిపోదమని పడిరి. సిమ్స్ విఱిగి మునిఁగినది. నియోషోమీఁద నేడు బాంబులు పడినవి. ఒక విమానమే వచ్చి కూలినది. అయినను మునుఁగలేదు. నాలుగు దినములు మంటల మచ్చలతో, నొక ప్రక్కకు వ్రాలి, తేలుచునే యుండెను. 11వ తేదీన హెన్లీ అను డిస్ట్రాయరు వచ్చి రెండోడలవారినిఁ గలిపి 123 మందిని దింపుకొని, దానిని దానే ముంచివేసెను. ఆ 78 విమానము లీ నూనె యోడమీఁదఁ గాలము పుచ్చుచుండఁగా, అమెరికావారు వేఱొకచోట షోహో అను జపాను వాహకమును ముంచిరి.

పుస్తకము మూసి చాలసేపు కూర్చున్నాము. నూనె యోడను విమానవాహకమనుకొన్న వారికి ఫలము కలిగినది; ఆ దెబ్బ తిన్నది మాత్రము నూనె యోడ. మా యరుగుమీఁద జరిగినదియు నింతే కదా.

అప్పుడు అమ్మాయికి ఫోను చేసి, "మీ పని యెట్లు జరుగునో చెప్పు తల్లీ" యని యడిగితిమి. ఇన్నేండ్లలో నిట్లడుగుట యదియే మొదలు. ఆమె కొంచెము తడవాఁగి చెప్పసాగెను. రెండోడలు ముప్పది నలువది మీటర్ల యెడముతో, ఒకే వేగమున, ఒకే దిక్కునకుఁ బోవుచుండవలెనఁట. ఆఁగి యుండరాదా యంటిమి. ఆఁగిన యోడ యలల యిష్టము. నడచు నోడయే చుక్కానికి లోఁబడునని చెప్పినది. మొదటఁ దుపాకితో నొక సన్నని త్రాడును ఆవలి యోడమీఁదికిఁ గాల్తురు. సన్నని త్రాటికి లావు త్రాడు, దానికి నుక్కుమోకు, ఆ మోకుమీఁద వ్రేలాడుచు నూనె గొట్టము. నడుమ నిఱుకున బడిన నీరు వడిగాఁ బాఱి యోడల నొకదానివైపు నొకటి లాగును. చుక్కాని పట్టినవాఁడు వ్రేలెడు తప్పినచోఁ దాఁకుడు తప్పదు. వాన, చీఁకటి, పోటు, ఏదియుండినను గంటల తరబడి యట్లే పోవలెను. ఆ సమయమున శత్రువు వచ్చినచోఁ బ్రక్కకు దుముకుటకు వీలులేదు. గొట్టము విడిపించుకొని యెడమగుటకుఁ గూడ నభ్యాసము కావలెను. పరుగెత్తుచున్న రెండు బండ్ల నడుమ బిందెతో నీరు పోసినట్లున్నది. "నీకు భయము లేదా?" అంటిమి. "భయముంటుంది, మామయ్యా. కాని అవతలి ఓడవాళ్లు గొట్టం అందగానే చేతులూపుతారు. అది చూడాలి మీరు" అనినది.

ఈ నౌకాదళమున స్త్రీలకుఁ జోటు 1992లోఁ గలిగినది. పురుషులతో సమముగాఁ జివరిదాఁక కొలువు చేయు హక్కు 2020 మార్చి 17న సుప్రీముకోర్టు తీర్పుతో స్థిరపడినది. నడుమ 2017 సెప్టెంబరు 10నుండి 2018 మే 21 వఱకు ఆఱుగురు స్త్రీలు తారిణి యను 55 అడుగుల తెరచాప పడవలో భూగోళమును జుట్టివచ్చిరి. వారిలో విశాఖపట్టణపు స్వాతిగారును, హైదరాబాదు ఐశ్వర్యగారును గలరు. మా యమ్మగారికి వారి బొమ్మ చూపితిమి. "దీనికీ ఫిరంగి లేదే!" అనినది. పిమ్మట నేమియు ననలేదు గాని, ఆ బొమ్మను మాత్రము తన పెట్టెలోఁ బెట్టుకొన్నది. నేఁటికిని ఆమె "నూనె పడవ" యనియే యనుచున్నది. కాని మొన్న ప్రక్కయింటావిడ యెదుట, "మా పిల్ల నూనె ఇవ్వకపోతే ఆ పెద్ద ఓడలన్నీ నీళ్లలో కూర్చోవలసిందే" అని గొంతెత్తి చెప్పుచుండఁగా మేము లోపలినుండి వింటిమి.

మాకు మాత్ర మొక పని మిగిలియున్నది. మాస్టరుగారు ఆ దినమునుండి మా యరుగెక్కలేదు. అమ్మాయి వచ్చు నెల సెలవుమీఁద వచ్చుచున్నది. ఆమె రాకకు ముందే, రేపు సాయంకాలము, మేమే వారి యింటికిఁ బోవలెను. ఒంటరిగా.